పెనాంగ్ నుంచి ఏం తెచ్చారు?

పండిన జాజికాయ చెట్టు మీదే రెండుగా విచ్చుకుంటుంది. లోపల ఎర్రటి అల్లికగా జాపత్రి, దాని కింద నల్లటి పెంకు, ఆ పెంకులో మనం పాయసంలోకీ తాంబూలంలోకీ అరగదీసుకునే గింజ. ఈ మూడింటినీ పొదువుకుని లేత పసుపు రంగులో దళసరి కండ ఉంటుంది. గింజా జాపత్రీ ఎండి దేశాలు దాటాయి. కండ నిలవుండే సరుకు కాదు కాబట్టి చెట్టున్న ఊళ్లోనే ఆగిపోయింది. మలేషియాలోని పెనాంగ్ దీవిలో ఆ కండను పారేయరు. తురిమి చక్కెరలో ఊరబెట్టి ఎండబెడతారు, ఉప్పూ తీపీ కలిపిన నీళ్లలో ముక్కలుగా వేస్తారు, ఉడికించి షర్బత్తు తీస్తారు.

జార్జ్‌టౌన్‌లో పెనాంగ్ రోడ్డు మీద చౌరస్తా మార్కెట్టు ఉంది. 1890 నుంచీ అక్కడ మార్కెట్టు నడుస్తోంది. లోపల చేపలు, కూరగాయలు. రోడ్డు వైపున్న కొట్లలో మాత్రం వరసగా గాజు జాడీలు, వాటి నిండా ఊరబెట్టిన పండ్లు. పచ్చిమామిడి, ఉసిరి, బొప్పాయి, నాకు తెలుగు పేరు తెలియని పుల్లటి కెడోండోంగ్. వాటి మధ్య గోధుమరంగు పీచుగా కనిపించేదే జాజికాయ వరుగు. కొట్లో కూర్చున్నావిడ అడగకుండానే చెంచాతో తీసి అరచేతిలో వేసింది. ముందు తీపి, వెంటనే వగరు, నమిలేకొద్దీ జాజికాయ ఘాటు అంగిలి దాటి ముక్కులోకి ఎక్కుతుంది. చివర్లో నాలుక కొస కొంచెం మొద్దుబారుతుంది. పది రింగిట్ల లోపే ఒక సంచి. రింగిట్ అంటే మన లెక్కలో సుమారు ఇరవై రూపాయలు.

నాతో వచ్చింది మా వదిన. ఊరు వెళ్లి ఉత్త చేతులతో రావడం ఆమె దృష్టిలో మర్యాద కాదు. విమానం ఎక్కకముందే వేళ్ల మీద లెక్కపెట్టింది. పెద్దత్తయ్య, ఎదురింటి మాస్టారు, వాచ్‌మన్ పిల్లలు, ఇంట్లో పనిచేసే అమ్మాయి, ఆఫీసులో తోటివాళ్లు, మా నాన్న. అందరికీ ఏదో ఒకటి చేతిలో పెట్టాలి. ఎవరికీ "ఇదేంటి, హైదరాబాదులోనే దొరుకుతుందిగా" అనిపించకూడదు. డబ్బు మాత్రం చేతి ఖర్చులకు పెట్టుకున్నదే. మనలో చాలామంది విదేశ యాత్రల్లో ఎదురయ్యే చిక్కు ఇది. దానికి జవాబుగా మాల్‌లోకి వెళ్లి తాళంచెవుల గుత్తులు, ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతాలు, చాక్లెట్ పెట్టెలు కొనుక్కొస్తాం. ఆ చాక్లెట్లకు ఊరు ఉండదు. ఏ విమానాశ్రయంలోనైనా అవే పెట్టెలు.

నా పద్ధతి వేరు. ఆ ఊరివాళ్లు తమ ఇంటికోసం ఏం కొనుక్కుని వెళ్తున్నారో చూసి అదే కొంటాను. అది చవగ్గా ఉండడం యాదృచ్ఛికం కాదు. రోజూ వచ్చే బేరగాళ్ల కోసం పెట్టిన ధర అది. పాతిక మంది ఇరుగుపొరుగు తిని బాగుందన్నాకే ఆ కొట్టు నిలబడుతుంది. రుచికి అంతకన్నా పూచీ ఏముంటుంది?

జాడీల ముందు మేం తెలుగులో తర్జనభర్జన పడుతుంటే, చేతిసంచిలో ఆకుకూర కట్టలతో వెళ్తున్న ఒక పెద్దావిడ ఆగింది. "ఏటి కొంటన్నారమ్మా?" అంది. ఆ మాట విని వదిన ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. బ్రిటిష్ హయాంలో రబ్బరు తోటలకూ కొబ్బరి తోటలకూ కూలికి మన కోస్తా జిల్లాల నుంచి, ముఖ్యంగా ఉత్తరాంధ్ర నుంచి, ఎన్నో కుటుంబాలు మలయాకు తరలివెళ్లాయి. పేరాక్ రాష్ట్రంలో బాగన్ దాతు చుట్టుపక్కల ఇప్పటికీ తెలుగు కుటుంబాలున్నాయి. ఈవిడ తాతలదీ అదే దారి. శ్రీకాకుళం నుంచి కొబ్బరితోటకు. తను పుట్టింది ఇక్కడే, ఇండియా చూడలేదు. వదిన శాకాహారి అని తెలిశాక ఆవిడే జాడీలన్నీ వెతికి పెట్టింది. "ఇది తీస్కో. అదిగో, ఆ నల్లముద్ద కలిపింది వద్దు, అందులో రొయ్యలుంటాయి. పళ్లే కదా అనుకుని ఎవురైనా పెడితే తినీకు." రొజాక్ అనే పండ్ల కలగలుపులో పోసే నల్లటి ముద్ద రొయ్యలతో చేసిందే. మలేషియాలో మాంసం లేదంటే చాలదు, రొయ్యా ఎండుచేపా కూడా లేవని విడిగా అడగాలి. శాకాహారులు ఈ ఒక్క మాటా గుర్తుంచుకుంటే పెనాంగ్‌లో హాయిగా తినొచ్చు. చైనా కుటుంబాల్లో చాంద్రమాసం మొదటి రోజు, పదిహేనో రోజు మాంసం మానేసేవాళ్లు చాలామంది కాబట్టి శాకాహారపు కొట్లకు అక్కడ కొదవ లేదు.

జాజికాయ పెనాంగ్‌లో పుట్టినది కాదు. దాని సొంత ఊరు ఇండోనేషియాలోని బండా దీవులు. ఒకప్పుడు ప్రపంచానికంతటికీ జాజికాయ అక్కడి నుంచే వెళ్లేది. ఇక్కడే మన తీరం కథలోకి వస్తుంది. 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నంలో దిగి వర్తకం పెట్టుకున్నది ముఖ్యంగా నేతబట్టల కోసం. ఆ బట్టలన్నీ యూరప్‌కే వెళ్లలేదు. తూర్పు దీవుల్లో వెండి నాణేల కన్నా కోరమాండల్ తీరపు రంగుబట్టలకు గిరాకీ ఎక్కువ. మన నేతగాళ్ల పంచెలూ అద్దకం గుడ్డలూ ఓడల్లో తీసుకెళ్లి, వాటికి మారుగా జాజికాయ, జాపత్రి, లవంగం నింపుకునేవాళ్లు. 1621లో డచ్చి కంపెనీ ఆ వర్తకాన్ని పూర్తిగా తన గుప్పిట్లో పెట్టుకోవడానికి బండా దీవుల జనాన్ని ఊచకోత కోసింది. బతికినవాళ్లను బానిసలుగా తరలించింది. ఆ తర్వాత నూట డెబ్బై ఐదేళ్లకు, 1796లో, ఇంగ్లీషువాళ్లు ఆ దీవుల్ని పట్టుకుని మొక్కలు తవ్వి పెనాంగ్‌కు చేరవేశారు. 1786లో ఇంగ్లీషు వర్తకుడు ఫ్రాన్సిస్ లైట్ పెనాంగ్ దీవి మీద జెండా పాతి అప్పటికి పదేళ్లే. కొండవాలుల్లో జాజితోటలు లేచాయి. 1860ల నాటికి తెగులు తగిలి చాలాభాగం పోయాయి. దీవికి అవతలి వైపు, బాలిక్ పులావ్ పల్లెల్లో మిగిలిన తోటల పండే ఇప్పుడు చౌరస్తా జాడీల్లో ఉన్నది. చెంచాడు వరుగులో ఇంత ఉంది. ఇది తెలిశాక వదిన రెండో సంచి కూడా కట్టించింది.

ఆ బట్టల వర్తకపు ఆనవాలు ఇంకొకటి మార్కెట్టు బయటే దొరికింది. మలయ్ మగవాళ్లు ఇంట్లోనూ, శుక్రవారం నమాజుకూ కట్టుకునే గళ్ల లుంగీని వాళ్లు కయిన్ పెలికట్ అంటారు. పులికాట్ రేవు నుంచి వెళ్లిన గళ్ల నేత అది. మన పాత నెల్లూరు జిల్లా దిగువన పులికాట్ సరస్సు ఒడ్డునే 1613లో డచ్చివాళ్లు కోట కట్టుకున్నారు. ఇప్పుడు ఆ లుంగీలు మగ్గం మీదవి కావు, మిల్లువే. అయినా గళ్ల వరస పాత తీరులోనే ఉంటుంది. రెండు కొసలూ కలిపి కుట్టేసి గొట్టంలా ఉంటుంది కాబట్టి కట్టు జారదు. ఇరవై రింగిట్ల చుట్టుపక్కల మంచి నూలుది వచ్చింది. కొట్టతను ఎండలోకి తీసుకొచ్చి విప్పి చూపించాడు. నూలూ పాలియెస్టరూ పక్కపక్కన పెట్టి, చేత్తో నలిపి చూడమన్నాడు. నూలు ముడత పడి అలాగే ఉంటుంది. అందులో ముదురు నీలం గళ్లది మా నాన్నకు తీసుకున్నాం. మచ్చలు మచ్చలుగా మైనపు అద్దకంలా కనబడే బాటిక్ ముక్కలు అక్కడే పదిహేను రింగిట్లకూ ఉన్నాయి. అచ్చు యంత్రం మీద వేసినవి. వెనకవైపు రంగు పాలిపోయి ఉంటే అది మైనపు పని కాదని తెలుసుకోవచ్చు. మైనంతో వేసిన అసలు బాటిక్ ఖరీదు ఖరీదే, అలా ఉండడమే న్యాయం కూడా. చేతిపని చేసేవాడి దగ్గర బేరమాడి సగానికి తెగ్గొట్టి గొప్పగా చెప్పుకోవడం నాకు నచ్చదు. చవక వస్తువు కావాలంటే చవగ్గా తయారయ్యేదే కొనాలి.

జాజికాయ షర్బత్తు మాత్రం మోసుకొచ్చేది కాదు, అక్కడే తాగాలి. రెండు రకాలు. పచ్చి కండతో తీసిన తెల్లటిది, ఎండు కండ ఉడికించి తీసిన గోధుమ ఎరుపుది. నాకు తెల్లటిదే నచ్చింది. అందులో ఉప్పులో ఊరి ఎండిన రేగిపండంత ప్లమ్ ఒకటి వేస్తారు. మధ్యాహ్నం రెండు గంటలకు జార్జ్‌టౌన్‌లో గాలి ఆగిపోతుంది. కాకినాడ మే నెల ఉక్కపోత ఎరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఆ వేళ ఆ గ్లాసు పుల్లగా, ఉప్పగా, ఘాటుగా గొంతు దిగుతుంటే కాళ్లకు మళ్లీ నడక వస్తుంది.

పెనాంగ్ రోడ్డు పక్కనే కెంగ్ క్వీ అనే ఇరుకు సందు. అక్కడ 1936 నుంచీ చెండోల్ అమ్ముతున్నారు. బియ్యప్పిండిని పాండన్ ఆకు రసంతో కలిపి, చిల్లుల గరిటెలోంచి చల్లటి నీళ్లలోకి దింపితే ఆకుపచ్చటి పురుగుల్లాంటి ముక్కలు పడతాయి. పాండన్ మన మొగలి కుటుంబపు మొక్కే. గిన్నెలో ఆ ముక్కలు, ఉడికిన ఎర్ర చిక్కుడు గింజలు, పైన తురిమిన ఐసు, తాజా కొబ్బరిపాలు, చివరికి నల్లటి బెల్లం పాకం. నాలుగైదు రింగిట్లు. బల్లలు చాలవు, జనం గోడకు ఆనుకుని నిలబడే తింటారు. నేను చూసింది ఆ మనిషి చేతులు. ఒక చేత్తో ఐసు మీదికి కొబ్బరిపాలు, ఇంకో చేత్తో పాకం. పాకం ఐసు గుట్ట అంచున పడితే గిన్నె అడుక్కి జారుతుంది, నడిమధ్య పోస్తే మీదే గడ్డకడుతుంది. ఆయన అంచునే పోస్తాడు. కలపకుండా తింటే మొదటి చెంచా కొబ్బరి, ఆఖరి చెంచా బెల్లం.

ఆ బెల్లం పేరు గుల మెలాక. కొబ్బరి గెల కోసి పట్టిన నీరాను కాచి, వెదురు గొట్టాల్లో పోసి గడ్డకట్టిస్తారు. అందుకే కడ్డీలుగా వస్తుంది. వదిన పుట్టిల్లు గోదావరి వైపు, తాటిబెల్లం ఎరిగిన మనిషి. మార్కెట్టులో ఒక కడ్డీ చేతిలోకి తీసుకుని గోటితో గీకింది, వాసన చూసింది, పక్కన పెట్టేసింది. "ఇందులో పంచదార కలిసింది." కొట్టామె నవ్వి, కింద నుంచి ఆకులో చుట్టిన ఇంకో రకం తీసింది. ముదురు రంగు, కొంచెం మెత్తగా, పొగ వాసనతో. అది రెట్టింపు ధర. రెట్టింపయినా కడ్డీ కొన్ని రింగిట్లే. బరువుగా ఉన్నా చిదిగిపోదు, కారిపోదు, నెలల తరబడి నిలవుంటుంది, ఎవరింట్లోనైనా వాడకానికి వస్తుంది. విదేశం నుంచి తెచ్చే కానుకకు ఇంతకన్నా మంచి గుణాలు నాకు తోచలేదు. పాలకాయల్లోకీ కొబ్బరి లౌజులోకీ అద్భుతంగా కుదిరింది.

పొద్దున్నే తినాల్సినవి కుయె. బియ్యప్పిండి, జిగురు బియ్యం, కొబ్బరి, బెల్లం, ఈ నాలుగింటితో పెనాంగ్‌లో చేసే పిండివంటలకు అంతు లేదు. ఇక్కడ స్థిరపడిన చైనావాళ్లు మలయ్ వంటను తమదిగా చేసుకున్న నోన్యా ఇళ్ల నుంచి వచ్చినవి వీటిలో ఎక్కువ. మార్కెట్టు గుమ్మంలో ట్రేలు పరిచి, అరిటాకు ముక్కల మీద పెట్టి అమ్ముతారు. ముక్క రింగిట్, రింగిట్టున్నర. పదకొండు దాటితే ఖాళీ ట్రేలే. పులుట్ తాయ్ తాయ్ అనేది జిగురు బియ్యాన్ని కొబ్బరిపాలతో ఉడికించి నొక్కి కోసిన ముక్క. తెలుపు మధ్యలో నీలం చారలుంటాయి. ఆ నీలం శంఖుపూల రసం. మన పెరట్లో దేవుడికి కోసే పువ్వే. ఓండే ఓండే అనే ఆకుపచ్చ ఉండల్ని మాత్రం జాగ్రత్తగా తినాలి. పైన పచ్చికొబ్బరి కోరు, లోపల బెల్లం. ఉడికేటప్పుడు ఆ బెల్లం కరిగి పాకమవుతుంది. సగం కొరికితే పాకం చొక్కా మీదికి చిమ్ముతుంది. మొత్తం నోట్లో పెట్టి పెదాలు మూసి నమలాలి. "పాకం దాచుకున్న ఉండ్రాళ్లు" అంది వదిన, రెండోది తీసుకుంటూ. మా వినాయకచవితి వంటల్లోకి ఇది వచ్చి చేరుతుందని ఆ క్షణమే తెలిసింది.

కుయె కొన్న చోటే కాఫీ తాగకూడదు, కోపీటియం అనే పాతకాలపు కాఫీకొట్టు వెతుక్కోవాలి. పాలరాతి బల్ల, చెక్క కుర్చీలు, తిరిగే ఫ్యాను. అక్కడి కాఫీగింజల్ని పంచదార, మార్గరిన్ వేసి నల్లగా మాడేదాకా వేయిస్తారు. గుడ్డసంచిలో పొడి వేసి, మరుగునీళ్లు పోసి, ఎత్తునుంచి రెండు మూడుసార్లు వంపుతారు. కోపీ అంటే తియ్యటి చిక్కపాలతో, కోపీ ఓ అంటే పాలు లేకుండా. ఇంటికి తీసుకెళ్లే వాళ్లకు పాలిథిన్ సంచిలో పోసి, మూతికి తాడు బిగించి, స్ట్రా గుచ్చి ఇస్తారు. బైకు హ్యాండిల్‌కు తగిలించుకుని వెళ్లిపోతారు. క్యాంప్‌బెల్ వీధి పక్క సందులో రొట్టెను బొగ్గుల మీద కాల్చే కొట్టు ఒకటుంది. నూనె డ్రమ్మును పొయ్యిగా మలచారు. బయట కరకర, లోపల దూది. దాని మీద కాయా రాస్తారు, కొబ్బరిపాలు, గుడ్డు, పంచదార, పాండన్ కలిపి గంటల తరబడి కలియబెట్టిన ముద్ద. గుడ్డు తినని వదినకు వెన్నా పంచదారా రాసి ఇచ్చారు. కాయా సీసాలూ, కాఫీపొడి పొట్లాలూ రెండూ కానుకలకు పనికొస్తాయి. అయితే ఆ కాఫీ ఫిల్టర్‌లో దిగదు, గుడ్డలో వడకట్టాలని చెప్పి మరీ ఇవ్వాలి.

పెనాంగ్‌వాళ్లు కౌలాలంపూర్‌లోని చుట్టాలింటికి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లేది తావ్ సార్ పియా. పొరలు పొరలుగా విడిపోయే చిన్న గుండ్రటి బిస్కెట్టు, లోపల పెసరపప్పు పూర్ణం. పూర్ణంలో పంచదారతోపాటు వేయించిన ఉల్లి, కొంచెం ఉప్పు. తీపీ ఉప్పూ ఒకేసారి తగిలే ఆ రుచి మొదటి కొరుకుడులో మనవాళ్లకు వింతగా ఉంటుంది, రెండోదానికి అలవాటవుతుంది. ఘీ హియాంగ్ అనే కొట్టు 1856 నుంచీ వీటిని చేస్తోంది, నువ్వుల నూనె కూడా అమ్ముతుంది. మన గానుగ నూనెలా కాక నువ్వుల్ని బాగా వేయించి తీసిన ముదురు రంగు నూనె అది. చుక్క వేస్తే చాలు. బిస్కెట్ల పిండి కలపడానికి కొన్ని కొట్లు పంది కొవ్వు వాడతాయి, కొన్ని నూనె వాడతాయి. మనవాళ్లకు పంచేముందు తప్పకుండా అడగాలి. అడిగితే ఎవరూ దాచరు.

కానుకంటే తినేదే కానక్కర్లేదు. చౌరస్తా మార్కెట్టు మేడ మీద పాత పుస్తకాల కొట్లున్నాయి. మలయ్, చైనీస్, ఇంగ్లీషు, తమిళం పుస్తకాలు కప్పు దాకా పేర్చి ఉంటాయి. లాట్ అనే కార్టూనిస్టు 1979లో వేసిన 'కంపుంగ్ బాయ్' అక్కడ చేతికందింది. పేరాక్‌లోని ఒక పల్లెలో తను పెరిగిన రోజుల బొమ్మల పుస్తకం. తగరం తవ్వే పడవలు, నదిలో ఈతలు, ఖురాను బడి, పట్నం చదువుకు వెళ్లే బస్సు. మాట తక్కువ, బొమ్మ ఎక్కువ కాబట్టి పిల్లలకు భాష అడ్డు రాదు. వాచ్‌మన్ పిల్లలకు ఇదే అనుకున్నాం.

ఆయర్ ఈతాం కొండమీది కేక్ లోక్ సీ బౌద్ధాలయంలో రంగురంగుల రిబ్బన్లు అమ్ముతారు, ఒక్కోటి ఒక రింగిట్. రంగుకో కోరిక. చదువు, ఆరోగ్యం, పెళ్లి, వ్యాపారం. పేరు రాసి చెట్టుకొమ్మలా చేసిన స్తంభానికి కట్టాలి. కట్టేసి వచ్చేదే గానీ తెచ్చేది కాదు. వదిన వెనక్కి తెచ్చుకోలేని దానికి డబ్బు పెట్టే మనిషి కాదు. అయినా ఇంటర్ పరీక్షలు రాయబోయే కొడుకు పేరు తెలుగులో రాసి కట్టింది. ముప్పై మీటర్లు దాటిన కంచు గ్వాన్యిన్ దేవత విగ్రహం పై నుంచి చూస్తోంది. ఆ రిబ్బన్ల మధ్య మలయ్, చైనీస్, తమిళ, ఇంగ్లీషు, ఇప్పుడొక తెలుగు.

ఆర్మీనియన్ వీధిలో 2012లో ఎర్నెస్ట్ జకారెవిచ్ అనే చిత్రకారుడు గోడ మీద వేసిన సైకిలు పిల్లల బొమ్మ ముందు పెద్ద క్యూ ఉంటుంది. ఆ బొమ్మ నిజంగా బాగుంటుంది. పాత సైకిలు గోడకు బిగించి, దాని మీద పిల్లల్ని గీశాడు. ఆ బొమ్మనే ముద్రించిన చొక్కాలు, కప్పులు, గడియారాలు వీధి పొడవునా ఉన్నాయి. వాటి జోలికి నేను పోలేదు. పోస్టుకార్డు ఒక్కటి కొని, అక్కడే మలేషియా స్టాంపు అంటించి, మా ఇంటికే పోస్టు చేశాను. మేం ఇల్లు చేరిన చాలా రోజులకు అది వచ్చింది. పిల్లలకు ఆ తపాలా ముద్ర మీదే ఎక్కువ మోజు.

కౌలాలంపూర్ నుంచి రైల్లో వెళ్తే బటర్‌వర్త్‌లో దిగాలి, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. స్టేషన్ పక్క రేవు నుంచి పడవ, టికెట్ రెండు రింగిట్లు. విమానం కన్నా ఆ దారే నాకిష్టం. సముద్రం మీది నుంచి ఊరిని చూస్తూ చేరుకోవచ్చు. జార్జ్‌టౌన్ పాతబస్తీ 2008లో యునెస్కో జాబితాకెక్కింది. అదంతా కాలినడకనే తిరిగే ఊరు. ఎండ ముదిరితే ఎక్కడానికి ఉచితంగా తిరిగే బస్సు కూడా ఉంది. 2023 డిసెంబరు నుంచి భారతీయులకు ముప్పై రోజుల లోపు యాత్రకు వీసా అడగడం లేదు కాబట్టి ఇప్పుడు మనవాళ్ల రాకపోకలు పెరిగాయి.

సర్దుకునేటప్పుడు కొన్ని సంగతులు. బెల్లం, నూనె, ఊరగాయ, కాయా అన్నీ పెద్ద పెట్టెలోనే. చేతిసంచిలో పెడితే తనిఖీ దగ్గర పోతాయి. పచ్చి జాజికాయలూ, మొలకెత్తే విత్తనాలూ, మొక్కలూ తేవాలని ఎంత ఆశగా ఉన్నా అనుమతి పత్రాలు లేకుండా మన దేశంలోకి తేకూడదు. తెగుళ్లు అలాగే దేశాలు దాటుతాయి. ఇదే పెనాంగ్‌లో ఒక తెగులు జాజితోటల్లో చాలాభాగాన్ని తుడిచిపెట్టింది కదా. డురియన్ పండు సంగతి వేరే చెప్పాలా? దాని వాసనకు హోటళ్లే గుమ్మం దాటనివ్వవు. బాలిక్ పులావ్‌లో చెట్టు కింద కొని అక్కడే తినేయాలి. జాజికాయ నూనె చిన్న సీసాలు, పసుపురంగు లేపనం డబ్బాలు మాత్రం తేవచ్చు. తలనొప్పికీ మోకాలి నొప్పికీ పెనాంగ్ ముసలమ్మలు రాసుకునేవి. మనవాళ్లు సింగపూర్ నుంచి పులి బొమ్మ డబ్బా తెచ్చుకునే ఆనవాయితీకి ఇది పక్కన నిలుస్తుంది.

ఇంటికొచ్చాక పంపకం వదిన చేతి మీద జరిగింది. లుంగీ నాన్న ఆ సాయంత్రమే కట్టుకుని వీధిలోకి వెళ్లారు. కాఫీపొడి ఎదురింటి మాస్టారికి నచ్చలేదు, మాడు వాసన అన్నారు. తావ్ సార్ పియా ఆఫీసులో సగం మంది మెచ్చుకున్నారు, సగం మంది ఉల్లిపాయ దగ్గర ఆగిపోయారు. 'కంపుంగ్ బాయ్' వాచ్‌మన్ పిల్లల దగ్గర్నుంచి అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు దాకా వెళ్లింది. పెద్దత్తయ్య లేపనం డబ్బా అయిపోవస్తోందని ఫోను చేసి, ఇంకోటి ఎక్కడ దొరుకుతుందని అడిగింది. జాజికాయ వరుగు రెండు సంచులూ ఎవరికీ పంచకుండానే మా ఇంట్లో, వదినా వాళ్లింట్లో భోజనాల తర్వాత చిటికెడు చిటికెడుగా ఖర్చయిపోయాయి. వచ్చే నెల పెనాంగ్ వెళ్తున్న మా చిన్నాన్నగారి అబ్బాయికి వదిన అప్పుడే చీటీ రాసిచ్చింది. వరుగు అరకిలో, ఆకులో చుట్టిన బెల్లం నాలుగు కడ్డీలు, పంచదార కలిసింది వద్దు.